పబ్లిక్ పాలసీలో పీజీ: రాయలసీమ విద్యార్థి ఏ కోర్సును, ఎక్కడ, ఎప్పుడు ఎంచుకోవాలి?

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో డిగ్రీ ముగించిన విద్యార్థి ముందుండే దారులు ఇంట్లో వారందరికీ తెలిసినవే: బీఈడీ, ఎంబీఏ, బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్ కోచింగ్, ఇంటి పరిస్థితి అనుకూలిస్తే హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో సివిల్స్ సన్నద్ధత. కొంతకాలంగా వాటి సరసన పబ్లిక్ పాలసీ, అంటే ప్రభుత్వ విధానాల అధ్యయనం, అనే పేరు కూడా వినిపిస్తోంది. అయితే ఒకే పేరుతో రెండేళ్ల పీజీలు, ఏడాది డిప్లొమాలు, పన్నెండు వారాల సర్టిఫికెట్లు, విదేశీ డిగ్రీలు కలగలిసి ఉండటం వల్ల వేటిని వేటితో పోల్చాలో తెలియక చాలామంది సంస్థ పేరును బట్టి నిర్ణయం తీసుకుంటున్నారు. ఏ సమస్య మీద పని చేయదలచుకున్నామో ముందు తేల్చుకుని, దానికి తగిన కోర్సును వెతుక్కునే విద్యార్థికే ఈ చదువు ఎక్కువగా ఉపయోగపడుతుందన్నది నా అభిప్రాయం. కింది పోలికలన్నీ ఆ దృష్టితోనే చేశాను.

ఇందులో నేర్పేది ఏమిటి?

అనంతపురం వేరుశనగ రైతుకు సంబంధించిన పంటల బీమానే తీసుకుందాం. 2016 ఖరీఫ్ నుంచి అమల్లోకి వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ప్రకారం ఖరీఫ్‌లో ఆహార ధాన్యాలకు, నూనెగింజలకు రైతు చెల్లించే ప్రీమియం బీమా మొత్తంలో 2 శాతానికి మించదు. మిగిలిన ప్రీమియాన్ని ప్రభుత్వాలు భరిస్తాయి. దిగుబడి ఆధారిత బీమాలో పంటకోత ప్రయోగాల సగటును బట్టి ఒక ప్రాంతం మొత్తానికి కలిపి నష్టాన్ని లెక్కకడతారు. వాతావరణ ఆధారిత బీమాలో వర్షమాపక కేంద్రం నమోదు చేసిన అంకెలే ప్రమాణం. మొదటి పద్ధతిలో లెక్క తేలడానికి నెలలు పడుతుంది. రెండో పద్ధతిలో లెక్క త్వరగా తేలుతుంది గానీ, మండల కేంద్రంలో పడిన వాన అదే మండలంలోని మరో ఊరి చేలలో పడకపోవచ్చు.

ఈ పథకాన్ని ప్రభుత్వ పాలన శాస్త్రం చదివిన విద్యార్థి చూస్తే, దాన్ని ఏ శాఖ నడుపుతోంది, అధికారాలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఫిర్యాదు ఎక్కడ ఆగిపోతోంది అని అడుగుతాడు. అర్థశాస్త్ర విద్యార్థి ప్రీమియంలో రాయితీ వల్ల రైతు పంటల ఎంపిక ఎలా మారుతుందో చూస్తాడు. పబ్లిక్ పాలసీ విద్యార్థి ఈ రెండు పనులూ కొంత కొంత చేసి, అంతటితో ఆగకుండా, రెండు బీమా పద్ధతుల్లో దేన్ని ఎంచుకోవాలో, అదే డబ్బును నీటి కుంటల మీద వెచ్చిస్తే మేలేమో, ఎంచుకున్న పద్ధతి ఫలించిందో లేదో మూడేళ్ల తర్వాత ఎలా తెలుసుకోవాలో ఒక సిఫారసు రూపంలో రాసి చూపించాలి. ఈ సిఫారసు రాయడమే ఈ చదువుకు కేంద్రం. సూక్ష్మ అర్థశాస్త్రం, గణాంక పద్ధతులు, ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలు, రాజ్యాంగం, పథకాల మూల్యాంకనం, క్షేత్రస్థాయి అధ్యయనం, చివర ఒక పరిశోధన వ్యాసం అన్నీ దానికోసమే ఉంటాయి. కోర్సు పేరు ఏదైనా, పాఠ్య ప్రణాళికలో గణాంకాలు, మూల్యాంకనం లేకపోతే అది పేరు మార్చుకున్న రాజనీతి శాస్త్రమేనని అనుమానించవచ్చు.

ఎవరికి ఇది అవసరం లేదు?

సివిల్స్ రాయడమే అసలు లక్ష్యమైతే ఈ పీజీ కోసం రెండేళ్లు, లక్షల రూపాయలు వెచ్చించవలసిన అవసరం నాకు కనిపించదు. యూపీఎస్సీకి ఏదైనా డిగ్రీ ఉంటే చాలు. ఐచ్ఛికాంశాల జాబితాలో ప్రభుత్వ పాలన, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం ఉన్నాయి గానీ పబ్లిక్ పాలసీ ప్రత్యేకంగా లేదు. జనరల్ అభ్యర్థికి వయోపరిమితి 32 ఏళ్లు, ప్రయత్నాలు 6. క్షేత్ర పర్యటనలు, వారం వారం సమర్పించవలసిన వ్యాసాలు ఉండే పూర్తికాల పీజీలో చేరి, పక్కన ప్రిలిమ్స్‌కు కూడా చదువుతామనుకునేవారికి రెండింటికీ సమయం చాలదు. మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ రెండో పేపర్‌కు ఈ చదువు కొంత సాయపడుతుందన్న మాట నిజమే. ఆ సాయానికి చెల్లించే ధర మాత్రం చాలా ఎక్కువ.

జూనియర్ కళాశాలలోనో డిగ్రీ కళాశాలలోనో అధ్యాపకులుగా స్థిరపడాలనుకునేవారు కూడా జాగ్రత్తగా ఉండాలి. నియామక ప్రకటనలు సంబంధిత సబ్జెక్టులో పీజీ అడుగుతాయి. అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో ప్రభుత్వ పాలన, రాజనీతి శాస్త్రం విడివిడి సబ్జెక్టులుగా ఉన్నాయి. పబ్లిక్ పాలసీ పట్టాను వాటికి సమానమైనదిగా పరిగణిస్తారా లేదా అనే తగవులో ఒక ఉద్యోగ ప్రకటన కాలం గడిచిపోయే ప్రమాదం ఉంది. బోధనే ధ్యేయమైతే సంప్రదాయ సబ్జెక్టులో ఎంఏ చేయడమే క్షేమం.

సమస్యను బట్టి సంస్థ

ఈ ప్రాంతపు విద్యార్థికి ఉన్న ఒక సౌలభ్యాన్ని ఎవరూ సరిగా గుర్తించరు. విధాన రంగంలో దేశమంతా చర్చించే అనేక ప్రశ్నలు ఇక్కడ ఊరి చివరే ఉన్నాయి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశానికి అందించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. తుమ్మలపల్లె యురేనియం, పోతిరెడ్డిపాడు, హంద్రీ-నీవా, కేసీ కాలువ ఆయకట్టు, సౌర విద్యుత్ పార్కుల కింద పోయిన భూములు, వలసలు వంటి వాటిలో ఏ ఒక్కటి తీసుకున్నా ఒక పరిశోధన వ్యాసానికి సరిపోయే విషయం ఉంది. వీటిలో తన మనసు దేని మీద ఉందో తెలిసిన విద్యార్థికి సంస్థను ఎంచుకోవడం సగం తేలికవుతుంది.

నీళ్ల పంపకం మీద ఆసక్తి ఉన్నవారిని మొదట చూద్దాం. రాయలసీమ, కోస్తా నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడిక నుంచి కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్, 2004లో ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ వరకు ఈ ప్రశ్న రాజకీయ ఒప్పందాలతో, చట్టంతో ముడిపడి ఉంది. అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం 1956 నాటిది. చట్టాన్ని చదవడం రానివారు ఈ రంగంలో పత్రికా వ్యాసం రాయగలరేమో గానీ విధాన పత్రం రాయలేరు. ఇటువంటివారికి బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ నడిపే రెండేళ్ల మాస్టర్స్ సరైన చోటు. అక్కడ న్యాయశాస్త్రపు నేపథ్యం లేనివారికి కూడా చట్టం, సంస్థలు, న్యాయ వ్యాఖ్యానం పాఠంలో భాగంగా వస్తాయి. ప్రవేశం ఆ సంస్థ సొంత పరీక్ష ఎన్‌ఎల్‌శాట్ ద్వారా జరుగుతుంది. ఆ పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్నలతో పాటు వివరంగా రాయవలసిన భాగం కూడా ఉండటం మన విద్యార్థులకు పెద్ద అడ్డంకి. దాని గురించి చివర్లో చెబుతాను.

విద్యుత్తు, భూమి, పర్యావరణం మీద పని చేయాలనుకునే బీటెక్ విద్యార్థులకు లెక్క వేరు. కర్నూలు ప్రాంతంలో 2017లో పూర్తి సామర్థ్యానికి చేరిన 1000 మెగావాట్ల సౌర పార్కు వంటి ప్రాజెక్టును అర్థం చేసుకోవడానికి గ్రిడ్, టారిఫ్, భూసేకరణ మూడూ తెలిసి ఉండాలి. ఐఐటీ బొంబాయిలోని విధాన అధ్యయన కేంద్రం, ఐఐటీ ఢిల్లీలోని పబ్లిక్ పాలసీ విభాగం నడిపే మాస్టర్స్ కోర్సులు సాంకేతికతకు, విధానానికి మధ్యనున్న ఈ చోటును లక్ష్యంగా చేసుకున్నవి. అనంతపురం జేఎన్‌టీయూ నుంచో, ఇక్కడి ఇతర ఇంజినీరింగ్ కళాశాలల నుంచో వచ్చినవారికి గణితం అడ్డుకాదు కాబట్టి ఇవి సహజంగా సరిపోతాయి. బీఏ చదివినవారు వీటికి దరఖాస్తు చేయకూడదని కాదు, పరిమాణాత్మక పాఠాల్లో మొదటి సెమిస్టరు మాత్రం గట్టిగా పరీక్షిస్తుంది.

ఉపాధి హామీ, పింఛన్లు, పాఠశాలలు, పోషకాహారం, పంచాయతీల వైపు మనసున్నవారికి రెండు మంచి దారులు కనిపిస్తాయి. ఒకటి హైదరాబాద్ టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉన్న ఎంఏ పబ్లిక్ పాలసీ అండ్ గవర్నెన్స్. జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయడం ఇందులో ప్రవేశానికి మొదటి మెట్టు. సామాజిక శాస్త్రాల దృష్టి, క్షేత్ర పని ఆ సంస్థకు బలం. రెండోది బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలోని ఎంఏ డెవలప్‌మెంట్. దాని పేరులో పాలసీ లేకపోయినా, గ్రామీణ ప్రాంతాల్లో పని చేయదలచినవారికి అది పాలసీ కోర్సులతో సమానంగా, కొన్ని విషయాల్లో అంతకంటే మెరుగ్గా ఉపయోగపడుతుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులోనూ వసతి ఖర్చులోనూ పాక్షికంగానో పూర్తిగానో సాయం చేసే విధానం అక్కడ ఉంది. తండ్రి వర్షాధార వ్యవసాయం మీద బతికే కుటుంబానికి ఈ ఒక్క అంశం మిగతా అన్నింటికంటే బరువైనది.

హైదరాబాద్ శివార్లలోని రుద్రారంలో గీతం విశ్వవిద్యాలయానికి చెందిన కౌటిల్య స్కూల్ 2021 నుంచి రెండేళ్ల మాస్టర్స్ నడుపుతోంది. సోనీపత్‌లోని జిందాల్ విశ్వవిద్యాలయంలో కూడా ఎంఏ ఉంది. ప్రైవేటు సంస్థల్లో పరిచయాలు, అతిథి ఉపన్యాసాలు, ఉద్యోగ సహాయం చురుకుగా ఉంటాయని వాటి ప్రచారం చెబుతుంది, అది చాలావరకు నిజం కూడా. కానీ వాటి ఫీజు లక్షల్లో ఉంటుంది కాబట్టి ఉపకార వేతనం ఎంత వస్తుందో లిఖితపూర్వకంగా తెలిసిన తర్వాతే వాటిని టిస్‌తోనో నేషనల్ లా స్కూల్‌తోనో పోల్చాలి. ఫీజు పూర్తిగా కట్టవలసి వస్తే, అప్పు చేసి చదివే విద్యార్థికి వాటిని మొదటి ఎంపికగా నేను సూచించను.

దూరం కూడా ఒక అంశమే. కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ 44వ జాతీయ రహదారి మీద కొద్ది గంటల ప్రయాణం. పండుగకు ఇంటికి రావడం ఒక్కటే కాకుండా, సొంత జిల్లాలో క్షేత్ర అధ్యయనం చేయడానికి కూడా ఈ దగ్గరితనం పనికొస్తుంది. ఢిల్లీలో చదువుతూ ఉరవకొండ మండలం మీద పరిశోధన వ్యాసం రాయడం సాధ్యమే, కానీ బెంగళూరు నుంచైతే శనివారాల్లో కూడా చేయవచ్చు.

ఇంటి దగ్గరి పీజీలు

అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం ఈ చర్చలోకి రావడమే అరుదు. ఈ చిన్నచూపు సరైనది కాదు. రాష్ట్ర ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా చేరగల అర్థశాస్త్రం, ప్రభుత్వ పాలన, గ్రామీణాభివృద్ధి వంటి పీజీల ఫీజు ప్రైవేటు పాలసీ కోర్సుల ఫీజుతో పోలిస్తే ఎంతో తక్కువ. ఈ పట్టాకు ఉద్యోగ ప్రకటనల్లో గుర్తింపు విషయమై తగవు ఉండదు, నెట్‌కు దారి తెరిచే ఉంటుంది.

లోటు ఎక్కడుందంటే, గణాంక సాఫ్ట్‌వేర్‌తో పని చేయించడంలో, వారం వారం ఇంగ్లీషులో రాయించి దిద్ది ఇవ్వడంలో, బయటి సంస్థలతో పరిచయాలు కల్పించడంలో. ఈ మూడింటిలో మొదటి రెండింటిని పట్టుదల ఉన్న విద్యార్థి బయటి నుంచి పూరించుకోగలడు. ఆర్ (R) వంటి గణాంక సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎన్‌పీటెల్, స్వయం ఆన్‌లైన్ వేదికల్లో అర్థమితి (ఎకనామెట్రిక్స్) పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. మూడోదాన్ని పూరించడం కష్టం, దానికోసమే పెద్ద నగరపు సంస్థలకు అంత ఫీజు చెల్లిస్తారు. అర్థశాస్త్రంలో స్థానికంగా ఎంఏ చేసి, ఒక ఏడాది క్షేత్ర పని చేసి, తర్వాత కొద్దికాలపు పాలసీ కోర్సు చేసినవారు రెండేళ్ల ఖరీదైన మాస్టర్స్ చేసినవారికి పరిశోధన సహాయకుల ఉద్యోగాల్లో గట్టి పోటీ ఇవ్వగలరని నేను నమ్ముతాను. ఉద్యోగం చేస్తూ చదవవలసి వస్తే ఇగ్నో ప్రభుత్వ పాలన ఎంఏ అందుబాటులో ఉంది; పట్టా కావలసినవారికి అది సరిపోతుంది, నైపుణ్యం కావలసినవారికి మాత్రం ఒక్కటే చాలదు.

ఏడాది కోర్సులు, సర్టిఫికెట్లు

ఢిల్లీలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీ ఏడాది కార్యక్రమాన్ని, బెంగళూరు తక్షశిల సంస్థ కొన్ని వారాల సర్టిఫికెట్‌నూ అంతకంటే దీర్ఘమైన పీజీ కార్యక్రమాన్నీ నడుపుతున్నాయి. వీటిలో బోధన నాణ్యత గురించి సందేహం అక్కరలేదు. గుర్తుంచుకోవలసింది వీటి హోదా: ఇవి విశ్వవిద్యాలయ మాస్టర్స్ డిగ్రీలు కావు. కన్సల్టెన్సీలో, స్వచ్ఛంద సంస్థలో, శాసనసభ్యుని కార్యాలయంలో చేరేవారికి ఆ తేడా పెద్దగా పట్టదు. తర్వాత పీహెచ్‌డీ చేయాలన్నా, ప్రభుత్వ నియామకాల్లో పీజీ అర్హత చూపాలన్నా మాత్రం అదే అడ్డం వస్తుంది. ఇప్పటికే ఒక పీజీ ఉన్నవారికి, జర్నలిస్టులకు, సచివాలయ ఉద్యోగులకు, న్యాయవాదులకు తక్షశిల తరహా కోర్సు చాలా మంచి ఎంపిక. వారు ఉద్యోగం వదలనవసరం లేదు. ఏడెనిమిదేళ్ల అనుభవం ఉన్న అధికారులకు ఐఐఎం బెంగళూరు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) నడిపే కార్యక్రమాలు ఉన్నాయి. అవి కొత్త పట్టభద్రుల కోసం రూపొందించినవి కావు.

అప్పు లెక్క

ఈ చదువు తర్వాత మొదటి జీతం సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలా ఉండదు. పెద్ద కన్సల్టెన్సీల ప్రభుత్వ సలహా విభాగాలు మెరుగ్గా ఇస్తాయి. పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు తక్కువ ఇస్తాయి, అందులోనూ చాలా ఉద్యోగాలు ఒప్పంద పద్ధతిలో ఉంటాయి. ఈ సంగతి తెలిసే అప్పు లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు 8 లక్షల రూపాయల రుణాన్ని 10.5 శాతం వడ్డీతో ఏడేళ్లలో తీర్చాలంటే నెల కిస్తు సుమారు 13,500 రూపాయలు అవుతుంది. చదువు కాలంలోనూ ఆ తర్వాతి ఏడాది విరామంలోనూ పెరిగే వడ్డీని అప్పటికప్పుడు కట్టకపోతే అది అసలుకు చేరి కిస్తు ఇంకా పెరుగుతుంది. బెంగళూరులో గది అద్దె, భోజనం పోను ఈ కిస్తును సులువుగా కట్టగల జీతం మొదటి ఏడాదే వస్తుందని హామీ ఇచ్చే పాలసీ కోర్సు నాకు తెలిసి లేదు.

కేంద్ర రుణ హామీ పథకం కింద 7.5 లక్షల వరకు విద్యారుణాలు ఆస్తి పూచీ లేకుండా ఇవ్వవచ్చు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన నాణ్యమైన సంస్థల్లో చేరేవారికి పూచీ లేని రుణం, కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉండి ఇతర సాయాలు పొందనివారికి 10 లక్షల వరకు రుణంపై విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటాయి. మీరు చేరబోయే సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో, డిగ్రీ కాని కోర్సుకు మీ బ్యాంకు రుణం ఇస్తుందో లేదో సీటు ఖాయం చేసుకోవడానికి ముందే బ్యాంకు శాఖలో అడిగి తెలుసుకోవాలి. ఏడాది కార్యక్రమాల విషయంలో ఈ రెండో ప్రశ్న చాలా ముఖ్యం. పొలం తాకట్టు పెట్టి ఈ చదువు చదవవలసి వస్తే చదవవద్దనే చెబుతాను. ఇంటి దగ్గరి పీజీ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

పని ముందా, చదువు ముందా?

నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైన ఎంపిక ఇదే, విద్యార్థులు అతి తక్కువ ఆలోచించేదీ ఇదే. డిగ్రీ అయిన వెంటనే ఇరవై ఒకటో ఏట పాలసీ తరగతిలో కూర్చునే విద్యార్థికి, రెండేళ్లు ఊళ్లలో తిరిగి వచ్చిన విద్యార్థికి ఒకే పాఠం ఒకేలా వినిపించదు. ఉపాధి హామీ పనుల్లో మస్టరు రోల్ (కూలీల హాజరు పట్టీ) అంటే ఏమిటో పుస్తకంలో చదివినవాడు దాని నిర్వచనం చెబుతాడు. సామాజిక తనిఖీలో ఇంటింటికీ తిరిగి, మస్టరులో ఉన్న పేరుకు ఆ ఇంట్లో ఉన్న మనిషికి పొంతన చూసినవాడు ఆ పథకంలో డబ్బు ఎక్కడ కారిపోతుందో చెబుతాడు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని వ్యవస్థీకృతంగా నిర్వహించడంలో దేశానికి దారి చూపింది ఆంధ్రప్రదేశే. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సంస్థనే ఏర్పాటు చేశారు.

అటువంటి అనుభవం సంపాదించడానికి మన ప్రాంతం వదిలి వెళ్లనవసరం లేదు. 1969లో అనంతపురంలో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర మొదలైన టింబక్టు కలెక్టివ్, రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం వంటివి పొలాలు, సహకార సంఘాలు, మహిళా సంఘాల మధ్య పని నేర్పే చోట్లు. ఊరు దాటగలిగినవారికి ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా వంటి గ్రామీణ ఫెలోషిప్‌లు, చట్టసభల పనిని, బిల్లులను అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ ఉన్నాయి. ల్యాంప్‌లో ఎంపికైనవారు దాదాపు ఏడాది పాటు ఒక పార్లమెంటు సభ్యునికి సహాయకులుగా పని చేస్తారు. అందుకు డిగ్రీ చాలు, వయసు మాత్రం 25 దాటకూడదు కాబట్టి పీజీ తర్వాత చూసుకుందామనుకుంటే గడువు దాటిపోవచ్చు.

తల్లిదండ్రుల అభ్యంతరం నాకు తెలియనిది కాదు. డిగ్రీ చదివించిన కొడుకో కూతురో చిన్న జీతానికి ఊళ్లు పట్టుకుని తిరుగుతుంటే బంధువుల మధ్య జవాబు చెప్పుకోవడం కష్టమే. ఆడపిల్ల విషయంలో పెళ్లి సంబంధాల ఒత్తిడి కూడా తోడవుతుంది. అయినా ఈ రెండేళ్లు వృథా కావని చెప్పడానికి గట్టి కారణాలున్నాయి: దరఖాస్తు వ్యాసంలో రాయడానికి విషయం దొరుకుతుంది, ఉపకార వేతనాల ఎంపికలో బలం వస్తుంది, అన్నింటికీ మించి ఈ రంగం తనకు సరిపడదని తెలిసినా అప్పు లేకుండానే తెలుస్తుంది.

విదేశాల సంగతి

దీని మీద ఎక్కువ చెప్పవలసింది లేదు. సింగపూర్‌లోని లీ క్వాన్ యూ స్కూల్, ఆక్స్‌ఫర్డ్‌లోని బ్లావత్నిక్ స్కూల్, బెర్లిన్‌లోని హెర్టీ స్కూల్, హార్వర్డ్ కెనెడీ స్కూల్ పేరున్నవే. ఆక్స్‌ఫర్డ్ కోర్సు ఏడాది, హార్వర్డ్ కోర్సు రెండేళ్లు. పూర్తి ఉపకార వేతనం వస్తేనే వీటిని ఎంపికల జాబితాలో ఉంచాలి. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కు ఇచ్చే చీవెనింగ్ ఉపకార వేతనం కనీసం రెండేళ్ల పని అనుభవానికి సమానమైన గంటలు అడుగుతుంది, కాబట్టి పైన చెప్పిన క్షేత్ర పని ఇక్కడ కూడా లెక్కలోకి వస్తుంది. ఎస్సీ, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల విద్యార్థులకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. అర్హులైనవారు దీన్ని తప్పక చూడాలి.

దరఖాస్తుకు ముందు చేయవలసినవి

తెలుగు మాధ్యమంలో చదివినవారిని ఈ కోర్సుల్లో వెనక్కి నెట్టేది తెలివి తక్కువ కావడం కాదు, ఇంగ్లీషులో వాదనను కట్టుదిట్టంగా రాసే అలవాటు లేకపోవడం. దీనికి ఆరు నెలల క్రమశిక్షణ సరిపోతుంది. సొంత మండలానికి చెందిన ఒక సమస్యను ఎంచుకుని, మొదట తెలుగులో రెండు పేజీలు రాసి, తర్వాత అదే విషయాన్ని ఇంగ్లీషులో మళ్లీ కొత్తగా రాయాలి. ఆలోచన స్పష్టంగా ఉందో లేదో తెలుగులో తేలిపోతుంది, అప్పుడు ఇంగ్లీషులో భాషతో మాత్రమే పెనుగులాడవలసి ఉంటుంది. సమాచారానికి కాగ్ నివేదికలు, రాష్ట్ర బడ్జెట్ పత్రాలు, 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా పట్టికలు, బిల్లుల మీద పీఆర్‌ఎస్ సంక్షిప్త వివరణలు ఉచితంగా దొరుకుతాయి. కడప జిల్లాలో రక్తహీనత గురించి రాసే వ్యాసంలో జిల్లా పట్టికలోని ఒక్క అంకె నాలుగు పేరాల ఆవేదన కంటే బలంగా నిలుస్తుంది. అయితే ఒక చిన్న జాగ్రత్త: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఆ సర్వేలోని అనంతపురం, కర్నూలు, కడప పేర్లు పాత ఉమ్మడి జిల్లాలవి, కొత్త శ్రీసత్యసాయి, నంద్యాల, అన్నమయ్య జిల్లాల అంకెలుగా వాటిని వాడకూడదు.

బీఏ, బీకాం విద్యార్థులు పదో తరగతి తర్వాత వదిలేసిన గణితాన్ని మళ్లీ అందుకోవాలి. సగటు, మధ్యస్థం, ప్రామాణిక విచలనం, సహసంబంధం, ఎక్సెల్‌లో పట్టికలు చేయడం వస్తే మొదటి సెమిస్టరు గట్టెక్కుతుంది.

సంస్థను అడగవలసిన ప్రశ్నలు కూడా ముందే రాసుకోవాలి. అత్యధిక జీతం ఎంత అని అడగవద్దు, మధ్యస్థ జీతం ఎంత, గత బ్యాచ్‌లో ఎంతమందికి ఆరు నెలల్లో పని దొరికింది, ఏ ఏ ఉద్యోగాలు అని అడగాలి. శాశ్వత అధ్యాపకులు ఎంతమంది, అతిథులుగా వచ్చిపోయేవారు ఎంతమంది? క్షేత్ర అధ్యయనం ఎన్ని వారాలు, దాని ఖర్చు ఎవరిది? పట్టా యూజీసీ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం ఇస్తుందా? పూర్వ విద్యార్థుల్లో ఇద్దరి ముగ్గురితో, వీలైతే తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లినవారితో, నేరుగా మాట్లాడాలి; సంస్థ ఎంచి చూపించిన వారితో కాకుండా మీరే వెతికి పట్టుకున్నవారితో మాట్లాడితే అసలు సంగతి తెలుస్తుంది.

రెండు మూడు చోట్ల ఫలితాలు వేర్వేరు తేదీల్లో వస్తాయి కాబట్టి, ముందు వచ్చిన సీటుకు అడ్వాన్సు కట్టి తర్వాత మెరుగైన చోటికి మారవలసి రావచ్చు. డబ్బు కట్టే ముందు ఆ సంస్థ ఫీజు వాపసు నిబంధనలు, వాటి గడువు తేదీలు చదివి, ఒక ప్రతి దాచుకోవాలి. యూజీసీ నియమాల ప్రకారం ఉన్నత విద్యాసంస్థలు విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను తమ వద్ద అట్టిపెట్టుకోకూడదు; పరిశీలనకు చూపించి వెంటనే వెనక్కి తీసుకోవాలి.